సినిమాలో నాన్న మొహం

మా నాన్న సినిమాలో వేషం వేశాడు. నేను పుట్టకముందు, జోగిపేట దగ్గర మా ఊరి గుట్ట మీద ఏదో రాజుల సినిమా తీశారు. "రాజు పక్కపొంటే ఉన్న బిడ్డా" అని మీసం దువ్వుకునేవాడు. ఆ సినిమా టాకీసుకు వచ్చినప్పుడు ఊరంతా ఎగబడి పోయింది. ఆయన మాత్రం పోలేదు, అమ్మనూ పోనివ్వలేదు. పనుందన్నాడట.

తర్వాత పటాన్‌చెరు వచ్చి మందుల కంపెనీలో చేరాడు. దగ్గు పట్టుకుని, చిక్కి శల్యమై, పోయిన చలికాలం చచ్చిపోయాడు.

ఇప్పుడు పెత్రమాస వస్తోంది. పోయినవాళ్ల ఫొటో ముందు వాళ్లకిష్టమైనవి వండి పెట్టే రోజు. మా దగ్గరున్నవన్నీ జబ్బుపడ్డాక తీసిన ఫొటోలే, దవడలు పీక్కుపోయి, కళ్లు గుంటల్లో పడి. వాటి ముందు అన్నం పెట్టనని అమ్మ మొండికేసింది.

"గా సినిమాల దేవులాడు బిడ్డా. మా లగ్గమైన కొత్తల తీసిన్రు. గప్పటి మొకం గావాలె నాకు."

వెతికితే ఫోన్‌లోనే దొరికింది. ఆదివారం మధ్యాహ్నం, కిష్టారెడ్డిపేటలో మా కిరాయి గదిలో ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం.

ముందు దర్బారు వచ్చింది. పట్టుబట్టలు, తలపాగాలు, మెడల్లో హారాలు. అన్నీ మా ఊరి పటేళ్ల ఇళ్లవాళ్ల ఒంటిమీదే. అమ్మ ఒక్కొక్కరినీ గుర్తుపట్టింది. మా వాడవాళ్లు ఒక్కరూ లేరు.

"మీ నాయిన ఇంక రాలే" అంటూ ఫోన్ దగ్గరికి లాక్కుంది.

చాలాసేపటికి వచ్చారు మావాళ్లు. అడవి మనుషులట. రాజ్యాన్ని దోచుకోవడానికి వస్తారట. తలల్లో ఈకలు, ఒంటినిండా దీపం మసి. ఎండలో నాట్లేసి నల్లబడ్డ ఒళ్లు దర్శకుడికి చాలలేదు కాబోలు. ఒక్కరికీ మాట లేదు, ఊళలు పెట్టడమే పని. ఆ రాజు తిన్న తిండి పండించినవాళ్లెవరో తీసినవాడికి అక్కర్లేదు.

యుద్ధం ముగిసింది. ఓడిపోయినవాళ్లను రాజు పక్కన బోర్లా పడేశారు. ఒక సైనికుడు కత్తి పట్టుకుని, ఒకడి మెడ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆ సైనికుడు నాన్న పాలేరుగా జీతమున్న ఇంటి పటేల్ కొడుకు. కాలి కింద ఉన్నది నాన్న.

రాజు పక్కన ఉన్నానన్నది అబద్ధం కాదు. టాకీసుకు ఎందుకు పోలేదో నాకప్పుడు అర్థమైంది. ఏడుపు ఆగలేదు.

అమ్మ ఏడవలేదు. "ఆపు" అంది. ఆపాను.

నాన్న మొహం ఇటువైపు తిరిగి ఉంది. మసి కింద కూడా వయసు తెలుస్తోంది. నిండు చెంపలు, ఒత్తు జుట్టు. అమ్మ అడిగిన మొహమే.

ఆ బొమ్మను ఫొటోగా తీసుకుని, మొహం వరకు కత్తిరించబోయాను. పాదం మెడ మీంచి దవడ దాకా వచ్చి ఉంది. పాదం తీసేస్తే సగం మొహం పోతోంది. మొహం ఉంచితే పాదమూ ఉంటోంది. అటు జరిపాను, ఇటు జరిపాను. కుదరలేదు.

అమ్మ చూస్తూ కూర్చుంది. చివరికి అడిగింది.

"అయితే గా కాలుకు గూడ బువ్వ పెట్టాల్నా బిడ్డా?"