కెమెరాకు వేసిన పట్టీ

మా వెంకటరత్నం బాబాయి ధైర్యస్థుడే. తుంగభద్ర కాలువ పారిన కొత్తల్లో రేపల్లె వదిలి బళ్ళారి వైపు కెంచనగుడ్డకొచ్చి, తుమ్మచెట్లు కొట్టించి వరి వేసిన మనిషి. అంతటివాడూ కెమెరా కంటికున్న చిన్న రింగు తిప్పడానికి జడిసిపోయాడు.

బళ్ళారి బజారులో కెమెరా అమ్మిన కొట్టాయన, ఎదురుగా బాబాయి నిలబడ్డ దూరానికి సరిపోయేట్టు రింగులు తిప్పి, "ఇంక దేన్నీ కదపొద్దప్పా" అన్నాడట. బండి కుదుపులకు ఎక్కడ కదులుతాయోనని బాబాయి వాటి మీద దెబ్బలకు వేసే పట్టీ అంటించేశాడు. ఇక నొక్కడమే తన వంతు!

నవ్వులాటకేం గానీ, ఆయన కాపురం ఆ కెమెరాకే ముడిపడింది. పిన్ని ఝాన్సీలక్ష్మి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. బిడ్డ పాకుతున్నా వాళ్ళమ్మ సుబ్బమ్మగారు పంపనంటుంది. "ఆ రాళ్ళల్లోకా? చచ్చినా పంపను." పైరు కళ్ళబడితే మెత్తబడుతుందని బాబాయి మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి ఫోటో తీసి పంపాడు. గట్టు మీద రాళ్ళు ఒక్కొక్కటీ స్పష్టంగా పడ్డాయి. వాటి వెనక పొలమంతా తెల్లగా అలుక్కుపోయింది.

"చెప్పలా, ముందు రాళ్ళు, వెనక ఇసక!" అందట ఆవిడ. ఆ కబురు విన్న రోజు బాబాయికి అన్నం సహించలేదు. కొడుకును కళ్ళారా చూసింది ఒక్కసారే పాపం.

చివరికి సిరుగుప్పలో స్టూడియో నడిపే పాపన్నకు కెమెరా చూపించాడు.

"ఏందప్పా, దీనికి యాడ దెబ్బ తగిలింది?" అన్నాడు పాపన్న పట్టీ చూసి. సంగతి విని పగలబడి నవ్వాడు. "ఆయప్ప నీకు సరిపెట్టిచ్చినాడు. నీ పొలం పోయి ఆ కొట్లో నిలబడ్తాదా?"

మంచివాడు, బండెక్కి పొలానికే వచ్చాడు. పట్టీ మాత్రం బాబాయి చేతే పీకించాడు.

"దూరం రింగు ఆ చివరకి తిప్పు. కంటి బొక్క చిన్నది చెయ్. అప్పుడు దగ్గరిదీ దూరందీ రెండూ తెలుస్తాయి. వెలుతురు తక్కువ పడ్తాది గదా, రెప్ప నిదానంగా మూసుకోవాల. చెయ్యి వణికితే అంతా పాయె, బండి మీద పెట్టు. పొద్దు వాలనీ, ఎండ పక్కనుంచి పడితే ఎన్ను ఎన్నూ వేరుగా కనపడ్తాది."

ఎండ వాలింది. బాబాయి ఊపిరి బిగబట్టి నొక్కబోయేసరికి, పక్కచేను హొన్నమ్మ చంకలో బిడ్డతో అవతలి గట్టు మీద నిలబడి వింతగా చూస్తోంది. పక్కకు పొమ్మని బాబాయి విసుగ్గా చెయ్యి ఊపాడు.

"ఉండనీలేప్పా, కదలకుండానే ఉండాది. నొక్కు," అన్నాడు పాపన్న.

ఈసారి పైరు పైరులాగే పడింది. ఫోటో వెళ్ళిన కొద్దిరోజులకే, వస్తున్నామని కబురు! సుబ్బమ్మగారే కూతుర్నీ మనవణ్ణీ వెంటబెట్టుకుని వచ్చింది. బండి దిగీ దిగకముందే బాబాయి ఆవిణ్ణి గట్టు మీదికి తీసుకెళ్ళి, ఇది సన్నరకం, అది కాలువ అంటూ ఏకరువు పెట్టాడు.

"పైరు ఎక్కడికి పోతుంది బాబూ, తర్వాత చూస్తాలే. ఆ బిడ్డనెత్తుకున్న ఆవిడేదీ?"

బాబాయి అయోమయంగానే పక్కచేను వైపు చెయ్యి చూపించాడు.

"పలకరించే ఆడదిక్కు లేనిచోట పసిబిడ్డతో నా పిల్ల ఎట్లా ఉంటుందోనన్నదే నా బెంగంతా. ఫోటోలో ఆవిడ కనబడ్డాకే నాకు కంటి నిండా నిద్ర పట్టింది."

హొన్నమ్మ అప్పటికే వచ్చేసింది. "బా కందా, బా!" అని కన్నడంలో రమ్మంటూ పిన్ని చేతుల్లోంచి పిల్లాణ్ణి అందుకుంది. గుండెల మీది బరువు దిగిపోయి బాబాయి ఆ రాళ్ళ మీదే కూలబడ్డాడు. ఆ రోజు తను పక్కకు పొమ్మన్న మనిషి చంకలో ఆయన కొడుకు కేరింతలు కొడుతున్నాడు.