వకీలు సాబు తిన్న చింతచెట్టు

పన్నెండేళ్ళు పెంచిన చెట్టును ఒక పెద్దమనిషి పప్పులో కలుపుకొని, వేళ్ళు నాకుతూ తిన్నాడంటే మీరు నమ్మరు. వండి వడ్డించింది నేనే. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం అది. పాలకీడు నుంచి సూర్యాపేటకు కోడలిగా వచ్చి, ఒక వకీలు ఇంట్లో వంటకు కుదిరాను. మా అత్త ఎందరి కాళ్ళు పట్టుకుని ఇప్పించిందో ఆ పని! "ఇది పోగొట్టుకుంటివా, సద్ది కట్టి నిన్ను మీ అమ్మగారింటికి తోలుత" అని మొదటిరోజే చెప్పింది. మా అత్త అన్నంత పనీ చేసే మనిషి.

వకీలు సాబు పెరట్లో ఒక వెడల్పాటి మట్టి పళ్ళెం, అందులో జానెడున్నర చింతచెట్టు ఉండేది. హైదరాబాదులో ఎవరి తోటలోనో అలాంటిది చూసొచ్చి మొదలుపెట్టాడట. ఏడాదికోసారి పెళ్ళగించి వేళ్ళు కత్తిరించేవాడు. కొమ్మలకు రాగి తీగ చుట్టి వంచేవాడు. అది కాస్త తల ఎత్తితే కత్తెర పట్టేవాడు. కోర్టులో ఓడిన కేసుల కసంతా దాని మీద తీర్చుకుంటున్నాడనుకునేదాన్ని. నన్నెవరైనా అట్లా పళ్ళెంలో పెడితే కరిచేదాన్ని.

ఒకరోజు అమ్మగారు మిర్యాలగూడలో చెల్లెలింటికి పోతూ, "సైదమ్మా, అయ్యకు చింతచిగురు పప్పంటే పానం. జర చేసిపెట్టు" అని చెప్పింది. బజారంతా తిరిగాను. చిగురు దొరకలేదు. చెమటలు కక్కుతూ వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే, ఎదురుగా పళ్ళెంలో చెట్టు. నిండా లేత ఎర్ర చిగురు!

నాకు మండింది. ఇంట్లో పెట్టుకుని నన్ను ఎండలో తిప్పుతారా? మా ఊళ్ళో చింత చిగిరిస్తే దూయడమే గానీ, కుర్చీ వేసుకుని చూడటం ఎవరికీ తెలియదు. నిచ్చెన లేకుండా అందాలనే ఇంత పొట్టిగా పెంచారు కాబోలనుకున్నాను. కొమ్మను రెండు వేళ్ళ మధ్య పెట్టి సర్రున లాగాను. అన్ని కొమ్మలూ కలిపి సరిగ్గా గుప్పెడు వచ్చింది.

మధ్యాహ్నం వకీలు సాబు మూడుసార్లు అడిగి పప్పు వేయించుకున్నాడు.

"ఏం లేతగున్నదే సైదమ్మా! యాడ దొరికింది?"

"బజార్ల దొరకలే అయ్యా. మన పెరట్లదే."

"మన పెరట్ల చింతచెట్టు యాడున్నది?"

"పళ్ళెంల."

ముద్ద బుగ్గలోనే ఆగింది. ఉమ్మితే పప్పు పోతుంది, మింగితే చెట్టు పోతుంది. మింగే లేచాడు.

పెరట్లో చెట్టు అరిగిపోయిన చీపురులా నిలబడి ఉంది.

"పన్నెండేండ్లు! పిల్లలెక్క సాదిన! పదిహేను దినాలల్ల కోదాడ నుంచి మున్సిఫ్ సాబు దీన్ని సూడనీకి వస్తున్నడు. ఏం సూపియ్యాలె ఆయనకు, నా కడుపా?"

"చెట్టు యాడికి పోయింది అయ్యా? ఆకు మల్ల వస్తది."

"రాకుంటే?"

"రాకుంటే నేనే పోత."

"గంతే! ఆయనొచ్చేనాటికి ఆకు రాలేదనుకో, నువ్వు ఇగ ఈ గడప తొక్కొద్దు!"

తిన్నది ఆయన, తిట్లు నాకు. రోజూ నీళ్ళు పోస్తూ చెట్టును తిట్టేదాన్ని. "వస్తవా, నన్ను పాలకీడు తోలిస్తవా?" తొమ్మిదోరోజు కొమ్మల మీద పచ్చటి చుక్కలు కనిపించాయి. పదిహేనోరోజుకు చెట్టంతా ఒత్తుగా ఆకు పట్టింది. అదీ మునుపటి ఆకులో సగం సైజు, ముచ్చటగా.

"అబ్బ! ఇంత సన్నాకు ఎలా తెప్పించారండీ?" అన్నాడు మున్సిఫ్ సాబు.

వకీలు సాబు మీసం సవరించుకున్నాడు. "ఆకు మొత్తం దూసెయ్యాలె. నా సొంత పద్ధతి. శానా ఏండ్ల సాధన!"

సాధనట! చేతిలోని చాయ్ ఆయన నెత్తిన పోయాలనిపించింది. అత్త గుర్తొచ్చి కప్పులోనే పోశాను.

అతిథి వెళ్ళగానే అడిగేశాను. "దూసింది నేను. గా మాట ఎందుకు చెప్పలే అయ్యా?"

ఆయన కాసేపు గొణిగి, రేకుముక్క మీద తెల్లరంగుతో ఏదో రాసి పళ్ళేనికి ఆనించాడు. "ఇగో, 'ఆకు దూసినది సైదమ్మ' అని రాసిన. ఖుషీయేనా?"

నేను వెన్నలా కరిగిపోయాను. అక్కడ పనిచేసినన్నాళ్ళూ దేవుడి పటాలకంటే ముందు ఆ రేకునే కొంగుతో తుడిచాను. మా అత్తను తీసుకొచ్చి చూపిస్తే దండం పెట్టింది. వచ్చిన వకీళ్ళంతా అది చదివి నావైపు చూసి నవ్వేవారు. మెచ్చుకుంటున్నారనుకుని నేనూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేదాన్ని.

యాభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు నేర్చాను. వకీలు సాబు పోయాక ఆయన కూతురు, "ఈ చెట్టు నీదే సైదమ్మా" అని పళ్ళెం ఇచ్చింది. రేకు కూడా వచ్చింది. అద్దాలు పెట్టుకుని, నా పేరు వెతుక్కుంటూ కూడబలుక్కుని చదివాను.

"దీనిని ఎవరును ముట్టరాదు. ముఖ్యముగా వంటమనిషి."

ఆ రోజే మళ్ళీ చిగురంతా దూసి పప్పు వండాను. ఆయన ఆ ఒక్కమాట నిజమే చెప్పాడు, భలే లేతగా ఉంది. తిని, చెయ్యి కడుక్కుని, ఆ పొట్టి చెట్టు సాక్షిగా ఒట్టు పెట్టాను: నేను చదవని రాతకు ఈ జన్మలో మళ్ళీ దుమ్ము తుడవను.