తన చీర చూసి చప్పట్లు కొట్టిన తల్లి

నిన్న మా మనవరాలి బడి నుంచి వచ్చిన మెసేజీని మా బిడ్డ చదివి వినిపించింది. పిల్లలంతా రకరకాల రాష్ట్రాల బట్టలు వేసుకుని రావాలట, అన్ని ప్రాంతాల వాళ్లనూ గౌరవించడం నేర్పిస్తారట. అంతవరకు సంతోషమే, కానీ చివర్లో ముఖం తెల్లగా కనబడేలా మేకప్ తప్పనిసరి అని ఉంది. "క్రీము ఒక్కటే తక్కువుందే అమ్మా, ఉప్పల్ పోయి తెస్త" అని బిడ్డ చెప్పులేసుకుంటుంటే నా ఒళ్లు మండిపోయింది. అయిదో తరగతితో చదువు ఆగినదాన్ని, ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు, అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

పెళ్లైన కొత్తలో నేను నాచారంలో ఒక చిన్న బడిలో ఆయాగా ఉండేదాన్ని. ఫ్యాక్టరీల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల పిల్లలు ఒకే చాప మీద కూర్చుని, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యిపెట్టి తినేవాళ్లు. అది వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మిగతాదంతా మేమే నేర్పాం.

ఆ ఏడు వార్షికోత్సవంలో ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడి కూతురు, ఆరేళ్ల పిల్ల, తన రాష్ట్రం తరఫున వేదిక ఎక్కాలి. వాళ్లమ్మ తన ఎర్రంచు చీర కత్తిరించి చిన్నచీర కుట్టింది. పిల్లలకు పౌడరు వెయ్యడం నా పని. రెండుసార్లు అద్దేసరికి ఆ నల్లని ముఖం బూడిదరంగుకు తిరిగింది. పిల్ల అద్దంలో చూసుకుని, "ఆయమ్మా, నా మొఖం ఏడబోయింది?" అని అడిగింది. ఇంతలో పెద్ద టీచరమ్మ వచ్చి, "గీమెను ముంగట నిలబెడితె ఫోటోల ఉత్త నోట్ల పండ్లే కనబడతయ్" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

టీచరమ్మ చెప్పగానే ఆ చీర నా చేతులతోనే విప్పి తెల్లగా ఉన్న ఇంకో పిల్లకు కట్టాను. ఈ పిల్లకు 'మనమంతా ఒక్కటే' అని రాసిన బోర్డు ఇచ్చి వెనక వరుసలో నిలబెట్టారు. పైకెత్తి పట్టుకోమంటే పట్టుకుంది, ఆ అక్షరాల వెనక దాని ముఖమే కనబడలేదు. చూసేవాళ్లలో చివరి వరుసలో నా పక్కన నిలబడ్డ వాళ్లమ్మ, వేదిక మీద తన చీర చూసి తన పిల్లే అనుకుని చప్పట్లు కొడుతూనే ఉంది. నేను నోరు విప్పలేదు. ఆ పాపం ఎవరిదని అడిగితే, టీచరమ్మది సగం, నాది సగం.

నిన్న క్రీము తేనివ్వలేదు. ఇవాళ పొద్దున మనవరాలి ముఖం నీళ్లతో కడిగి, తలకు నూనె రాసి పంపాను. "టీచరు అడిగితె మా అమ్మమ్మ వద్దన్నదని జెప్పు, జర నన్నే పిలువుమను" అన్నాను. ఇంకా పిలుపు రాలేదు, కొంగు దోపుకుని కూర్చున్నాను.

మన కాలంలో రేకుల కింద నడిచిన బళ్లు ఇప్పుడు అంతస్తులకు అంతస్తులు లేచాయి, పౌడరు డబ్బా పోయి ట్యూబు వచ్చింది, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టడం మాత్రం పోయింది. ఆ పిల్లకు ఇప్పుడు పిల్లలుండే ఉంటారు. ఏ ఊళ్లో ఉందో, వాళ్లను బడికి తయారు చేస్తూ ఆమె చెయ్యి కూడా పౌడరు డబ్బా మీదికి పోతుందేమో అని తలుచుకుంటేనే నాకు భయం.