ఉప్పు లేని శుక్రవారాలు

మా ఆఫీసులో నన్ను అందరూ భరిస్తారు. ఇష్టపడతారని మాత్రం చెప్పలేను. ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో ఒక పాత ఇంటి మేడ మీద మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఆడవాళ్ళ ఒంటి గురించి, కాన్పుల గురించి, పిల్లలు వద్దనుకునే హక్కు గురించి పరిశోధనలు చేసి నివేదికలు అచ్చు వేస్తాం. ఇంగ్లీషులో ఒకటి, తమిళంలో ఒకటి. తెలుగులో కూడా వెయ్యాలని పోట్లాడి సాధించింది నేను. యానాం నుంచి చదువు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఆఫీసు మొత్తానికి తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. తెలుగు ప్రూఫులు దిద్దేటప్పుడు పైకి చదువుకోవడం నాకు అలవాటు. ఒకసారి మా డైరెక్టర్ మేడమ్ తలుపు దగ్గర ఆగి, "ఫోన్లో ఉన్నావా?" అని అడిగింది.

"లేదు మేడమ్, గోడతో మాట్లాడుతున్నా."

ఆవిడ నవ్వలేదు.

నేను పోట్లాడి సాధించింది ఇంకొకటి ఉంది. ఎవరి మాటలు నివేదికలోకి ఎక్కుతాయో, అచ్చుకు పోకముందే ఆ పేజీ ఆ మనిషి చేతిలో పెట్టాలి. పేజీతో పాటు పెన్సిలు. ఆమె ఏ వాక్యం కొట్టేస్తే ఆ వాక్యం పోయినట్టే, ఎందుకని అడగకూడదు. ఇలాగైతే పుస్తకం ఎప్పటికి తేలుతుందని అందరూ విసుక్కున్నారు. "కడుపులో మాట మనకిచ్చినవాళ్ళకి మనం ఒక పెన్సిలు ఇవ్వలేమా?" అని బల్ల చరిచాను. ఒప్పుకున్నారు. నా వాదన నచ్చి కాదు, నా గొంతు ఆగితే చాలని.

పిల్లల్ని కనాలా వద్దా అన్నది ఇంట్లో ఎవరు తేలుస్తారు అనే విషయం మీద బాహూరు వైపు పల్లెలు తిరుగుతున్నప్పుడు ఒక అక్క దొరికింది. వందల ఏళ్ళ కిందట ఇటు వచ్చి చెరువు కింద పొలాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకన్నా పదేళ్ళు పెద్దదేమో. మొదటి రోజే నా మాట విని పడీ పడీ నవ్వింది.

"ఏంది పాపా, పిల్లిని కూడా రండి అంటావే! మీ యానామోళ్ళు గోడకి తగిలినా మన్నించండి అంటారా?"

"మరి మీరు? తెలుగులో మొదలెట్టి తమిళంలో తేలుతున్నారు."

"ఆమా, యాడ తేలితే ఏంది, మునగలేదు కదా!"

ఆ రోజు శుక్రవారం. అన్నం పెట్టింది. ఏ కూరలోనూ ఉప్పు లేదు. నా మొహం చూసి, వసారాలో కూర్చున్న అత్తగారి వైపు కళ్ళతో చూపించి, "ఆయమ్మ మొక్కు. మనవడు పుట్టేదాకా శుక్రవారం ఉప్పు ముట్టనని మొక్కుకుంది. ఆ పొద్దు ఇంటికంతా ఇదే వంట" అంది. అక్కకి ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. మనవడు పుట్టలేదు. మొక్కు తీరలేదు. ఎనభై దాటిన ఆ ముసలావిడ ఇప్పటికీ ఉప్పు లేని అన్నమే తింటోంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

ఆ తర్వాత చాలా శుక్రవారాలు వెళ్ళాను. పని కోసమేనని ఆఫీసులో చెప్పేదాన్ని. వైతికుప్పం దగ్గర నా అద్దె గదిలో వారమంతా తెలుగులో మాట్లాడిన మాటలు లెక్క పెడితే వేళ్ళు మిగిలేవి. అక్క దగ్గర మాత్రం నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడేదాన్ని. పెరట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక రోజు తనే మొదలుపెట్టింది. రికార్డరు పెట్టుకోనా అని అడిగాను. "పెట్టుకో, పెట్టుకో" అంది, కాయల మీంచి చూపు తిప్పకుండానే.

"రెండో కాన్పుకే నా పని అయిపోయిండాది పాపా. ఒంట్లో రక్తం లేదు. నర్సమ్మని బతిమాలి కాపర్ టీ పెట్టించుకున్నా. ఈయనకీ చెప్పలా, ఎవురికీ చెప్పలా. ఆ తర్వాత ఆయమ్మ మొక్కుకునింది. మనవడు రాడని నాకు తెలుసు. తెలిసే ప్రతి శుక్రవారం ఉప్పు లేకుండా వండి వడ్డిస్తా ఉండా."

అక్క చెప్పింది నివేదిక కోసం ఒక పేజీగా రాశాను. ఆ రాత ఎంత బాగా కుదిరిందో నాకు తెలుసు. పేరు తీసేశాను, ఊరు తీసేశాను. ఉప్పును మాత్రం ఉంచాను. ఉప్పు లేకపోతే ఆ కథ చప్పబడిపోతుందనిపించింది. పేజీని తెలుగులో శుభ్రంగా టైపు చేసి పెన్సిలుతో సహా అక్క చేతిలో పెట్టాను. రెండు చేతులా పట్టుకుని పైనుంచి కిందికి చాలాసేపు చూసింది.

"బాగుండాది."

"ఏమైనా తీసెయ్యాలా అక్కా?"

"నువ్వు రాసిందాన్ని నేనేంది తీసేది!"

పెన్సిలు మొన కూడా అరగకుండా తిరిగొచ్చింది. ఒక్క గీత కూడా పడలేదని వారం రోజులు ఆఫీసులో చెప్పుకు తిరిగాను. అంత నమ్మకం నా మీద ఎవరికీ ఉండగా చూడలేదు మరి.

సోమవారం తమిళ ప్రతి ప్రెస్సుకు వెళ్ళాలి. అచ్చయ్యాక పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాల దగ్గర కూర్చోబెట్టి పైకి చదివి వినిపించడం మా పద్ధతి. అక్క వాళ్ళ సంఘం కూడా జాబితాలో ఉంది. ఆ సంగతి చెబుదామని శుక్రవారం వెళ్ళాను. వెళ్ళగానే ఒక పెళ్ళి పత్రిక తెచ్చి ఇచ్చింది. నెల్లూరు వైపు చుట్టాలు పంపించారట.

"దీంట్లో ముహూర్తం ఎప్పుడో చూసి చెప్పు పాపా. నువ్వొస్తావని రెండు దినాలుగా ఎదురు చూస్తా ఉండా. తమిళమైతే నేనే చదువుకోనా? తెలుగు అచ్చరం మా ఇంట్లో ఎవురికీ రాదు."

వసారాలో తమిళ పేపరు మడిచి ఉంది. దాని మీద అక్క కళ్ళజోడు. వెళ్ళిన ప్రతిసారీ చూస్తున్నాను. మాట్లాడే భాష చదవడం రాకపోవచ్చని నా యానాం బుర్రకు తట్టనే లేదు.

"మరి ఆ రోజు నేనిచ్చిన పేజీ?"

"అంత ఆశగా తెచ్చిస్తివి. రాదని ఎట్లా చెప్పేది?"

సంచిలోంచి పేజీ తీశాను. పెరట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి మొత్తం చదివాను. నా వాక్యాల్లో నేను ముచ్చటపడ్డ చోటల్లా నా గొంతే నాకు వెగటుగా వినిపించింది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇది సంఘంలో చదువుతారా?"

"పేరు లేదక్కా."

"ఉప్పుండాదే! ఊళ్ళో ఇంకెవురింట్లో ఉండాది ఈ మొక్కు? ఆయమ్మ కూడా సంఘానికి వస్తాది పాపా. ముందు వరసలోనే కూర్చుంటాది."

"రికార్డరు పెట్టుకోమన్నారు కదా అక్కా," అన్నాను. వాదించే నోరు కదా, ఆగదు.

"పెట్టుకోమన్నా. నీకు చెప్పినా. పుస్తకానికి చెప్పలా."

పెన్సిలు ఇచ్చాను. ఒక వాక్యం కాదు, మూల నుంచి మూలకి ఒకటే గీత గీసింది.

సోమవారం పొద్దున్నే మేడమ్ బల్ల ముందు నిలబడ్డాను.

"పేజీ చూపించావు. ఆమె కొట్టెయ్యలేదు. నీ పద్ధతి ప్రకారం సరిగ్గానే జరిగింది కదా?" అంది.

"చదవడం రాని లిపిలో చూపించాను. అది చూపించడం కాదు."

"పోనీ ఉప్పు తీసేసి మిగతాది ఉంచుదాం."

"ఎందుకని అడగకూడదు, కొంత ఉంచుదామని బేరమాడకూడదు. పద్ధతి నాదే కదా!"

నా మీద నేనే గెలిచిన వాదన అదొక్కటే. ఆ కథ లేకుండానే మూడు భాషల్లోనూ పుస్తకం వచ్చింది. అప్పటినుంచి ఎవరి పేజీ అయినా పైకి చదివి వినిపిస్తున్నాం.

నెల తర్వాత మళ్ళీ ఒక శుక్రవారం వెళ్ళాను. ముసలావిడ వసారాలో మెల్లిగా అన్నం కలుపుకుంటోంది. అక్క నా భుజం వైపు చూసింది.

"ఏంది, సంచి లేదే?"

"లేదక్కా."

గడప మీద కూర్చున్నాం. ఎండ ఎలా ఉందని అడిగాను, పొలం ఎలా ఉందని అడిగాను. తర్వాత ఏం మాట్లాడాలో తోచలేదు. ఇన్నాళ్ళూ నేను చేసింది మాట్లాడడం కాదని, అడగడమని అప్పుడు తెలిసింది.

"సరి, నువ్వు చెప్పు," అంది అక్క. "ఒక్కదానివే యాడుంటావు? పెళ్ళి చేసుకోలేదా, చేసుకుని వదిలేస్తివా? పిల్లలు వద్దనుకుంటివా, పుట్టలేదా? ఇన్ని దినాలు నన్నే అడిగితివి కదా."

నా చూపు గుమ్మం దగ్గరున్న చెప్పుల మీదికి పోయింది.

"బయపడొద్దులే. నేను రాసుకోను."

రోడ్డు మీద హారన్ వినిపించింది. "బస్సు వచ్చింది," అన్నాను.

"పోతే ఇంకోటి వస్తాది."

అయినా లేచాను. అక్క ఆపలేదు. బస్సు చెరువు కట్ట దాటాక అక్కకి చెప్పాల్సిన మొదటి వాక్యం దొరికింది. కిటికీ వైపు తిరిగి పైకే అన్నాను. పక్క సీటావిడ నేను ఫోన్లో ఉన్నాననుకుని కొంచెం అటు జరిగి కూర్చుంది.