మామ గరిటెకు నేను రాసిన రాజ్యాంగం

ఎనిమిది మంది కడుపులు మాడ్చడానికి కరువు రానక్కర్లేదు, యుద్ధం రానక్కర్లేదు. హిస్టరీలో డిగ్రీ ఉన్నవాడు ఒక్కడు చాలు. మస్కట్ దగ్గర అల్ మవాలేలో, మా కంపెనీ రూములో, రెండేళ్ల కిందట ఆ ఒక్కడూ నేనే. అప్పటి నేను ఇప్పుడు ఎదురైతే పలకరించకుండా రోడ్డు దాటేస్తాను.

నాలుగు రెండంతస్తుల మంచాలు, ఎనిమిది మందిమి. అందరం జగిత్యాల, నిర్మల్ వైపువాళ్లమే. వంట రాజన్న మామది. చుట్టరికమేమీ లేదు, ఆయన చేతి బువ్వ తిన్న ప్రతివాడికీ ఆయన మామే. పగలంతా సైటులో గోడలు కట్టి వచ్చి, మళ్లీ పొయ్యి ముందు నిలబడేవాడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. అప్పటికి ఏడేళ్ల ముందు ఒకరోజు గరిటె పట్టాడు, మళ్లీ కింద పెట్టలేదు. ఏం వండాలి, గిన్నెలెవరు తోమాలి, ఫోన్లో ఎంత గొంతుతో మాట్లాడాలి, అన్నిటికీ ఆయన మాటే శాసనం. వారానికి నాలుగు రోజులు టమాట పప్పు. పొద్దున డ్యూటీకి లేపేది కూడా ఆ గరిటెతోనే, మంచం ఇనుప కోళ్ల మీద కొట్టి.

ఒకరోజు నేను తిన్న కంచం కడక్కుండా వదిలేశాను. మామ అందరిముందూ అడిగాడు.

"ఏంరా నవీనూ, డిగ్రీ జదివినోని కంచం దానంతటదే కడుక్కుంటదా?"

అందరూ నవ్వారు. రెండు నిమిషాల్లో కడిగేస్తే పోయేదానికి నేను విప్లవం లేవదీశాను.

అప్పట్లో ఎం.ఏ. పరీక్ష రాద్దామని కంపెనీ బస్సులో ఫోన్లో పాఠాలు చదువుతుండేవాణ్ణి. కొత్తగా పుట్టిన అమెరికా ప్రభుత్వం పాఠం దగ్గరున్నాను. రాజును వదిలించుకున్నాక, మళ్లీ ఒక్కడి చేతిలోకే అంతా పోకూడదని వాళ్లు అధికారాన్ని మూడు ముక్కలు చేశారు. నాకు వెంటనే మామ గరిటె గుర్తొచ్చింది. శుక్రవారం సెలవు చూసి రూమును సమావేశపరిచాను.

"ఇగ నుంచి కూర సంగతి సభ తీర్మానిస్తది. అధ్యక్షుడు దస్కత్ పెడ్తడు. పంచాది అయితే జడ్జి తేలుస్తడు."

"జడ్జి ఎవలు?" అన్నాడు టైల్స్ పనిచేసే సత్తన్న.

"నేను."

"గదీ అసలు ముచ్చట," అన్నాడు ఎలక్ట్రీషియన్ గంగాధర్.

పై మంచాలవాళ్లు ఎగువ సభ, కింది మంచాలవాళ్లు దిగువ సభ. అమెరికాలో పెద్దలు ఎగువ సభలో కూర్చుంటారు. మా పెద్దలకు మోకాళ్ల నొప్పులు, అందుకని దిగువ సభే పెద్దల సభ అయింది. ఇక మిగిలింది మామ. ఆయన పక్కన నిలబడి, గొంతులో తేనె పోసుకుని చెప్పాను.

"మామా, వాళ్ల మొదటి అధ్యక్షుణ్ణి బతికినన్నాళ్లు ఉండమంటే ఉండేటోడే. రెండుసార్లు జేసి, చాలని ఇడిసిపెట్టి తన పొలం కాడికి పోయిండు. అందుకే పెద్దమనిషి అన్నరు."

మామ పప్పు మెదుపుతూ విన్నాడు. "మంచిపనే జేసిండు," అన్నాడు. పప్పులో ఉప్పు వేసి, "ఆయన పొయినంక అక్కడోళ్లకు బువ్వెవలు పెట్టిన్రు?"

"ఆయన వంట చేసేటోడు కాదు మామా."

"ఔనా," అన్నాడు మామ.

ఆ 'ఔనా' దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగితే ఇది రాయాల్సిన పనే లేదు.

ఎన్నిక బియ్యం డబ్బా సాక్షిగా, చీటీలతో జరిగింది. మామ నిలబడలేదు. సత్తన్నకు నాలుగు ఓట్లు, గంగాధర్‌కు మూడు, నాకు ఒకటి. ఆ ఒకటి ఎవరిదో తెలియదు, నేను గంగాధర్‌కు వేశాను. రెండో స్థానం వచ్చినవాడే ఉపాధ్యక్షుడన్నది తొలినాళ్ల అమెరికా పద్ధతి. అదే అమలు చేశాను. ఒకరికొకరు పడని ఇద్దరిని ఒకే కుర్చీకి కట్టేసే ఆ పద్ధతితో వాళ్లు తలలు పట్టుకుని, కొన్నేళ్లకే మార్చుకున్నారట. ఆ సంగతి తర్వాతి పాఠంలో ఉంది. నేనింకా అక్కడిదాకా రాలేదు.

మామ గరిటె కడిగి, తుడిచి, సత్తన్న చేతిలో పెట్టాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మామ గరిటెను నేను జాతికి అంకితం చేశాను.

నా లెక్క ప్రకారం మామ అధికారం పోతుంది, పప్పు ఉంటుంది. ఆ వారంలోనే కంపెనీ ఎక్కడో దూరాన ఉన్న షినాస్ సైటుకు మేస్త్రీలను అడిగింది. అంతకుముందు రెండుసార్లు అడిగినా "నేను బోతే వీళ్లకెవలు వండుతరు" అని మామ పోలేదు. ఈసారి పేరిచ్చాడు. సైటులో నాది టైమ్‌కీపర్ పని. ఆ జాబితాలో ఆయన పేరు టైపు చేసింది నేనే.

తర్వాత మా పరిపాలన మొదలైంది. అధ్యక్షుడు కోడికూర అంటే ఉపాధ్యక్షుడు చేపలన్నాడు. దిగువ సభ చేపలకు సరేనంది, ఎగువ సభ ముళ్లున్నాయంది. రెండు సభలూ కలిసి గుడ్లంటే సత్తన్న వీటో చేశాడు.

"జడ్జీ, ఏమన్న తేల్చరాదు," అన్నాడు గంగాధర్.

"వాయిదా," అన్నాను.

కోడి న్యాయం కోసం ఫ్రీజర్‌లో ఎదురుచూసింది. చదవేస్తే ఉన్న కూర పోయింది. మూడో శుక్రవారానికి మా రిపబ్లిక్ మొత్తం మలయాళీ హోటల్ ముందు పరోటాల కోసం వరుసలో నిలబడింది. అక్కడే సత్తన్న గరిటె తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పో, ఆయన్ను దోల్కరా పో."

నాలుగో శుక్రవారం బస్సెక్కి షినాస్ వెళ్లాను. కొత్త రూములో పన్నెండు మంది వరుసగా కూర్చుని తింటున్నారు. టమాట పప్పు. మామ నన్ను చూసి, ఏమీ అడక్కుండా కంచం పెట్టాడు. రెండుసార్లు వడ్డించాక గరిటె బయటికి తీశాను.

"వాపస్ రా మామా. తప్పయింది."

"ఎట్లొస్త బిడ్డా? పేర్లు ఎక్కినయ్, కాయితాలు అయినయ్." గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నాకే ఇచ్చాడు. "నువ్వు జడ్జివి ఎందుకైనవ్‌రా? నేను నిన్ను అధ్యక్షుణ్ణి జేద్దామని ఓటేస్తి."

ఆ ఒక్క ఓటు ఎవరిదో అప్పుడు తెలిసింది. లేచి నా కంచం నేనే కడిగాను, రెండుసార్లు. మామ చూసి, తుడవడానికి గుడ్డ అందించాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

బస్సు దాకా సాగనంపడానికి లేచి, గుమ్మం దాటాక గొంతు తగ్గించాడు.

"ఆ అమెరికా ముచ్చట ఇక్కడ ఎవలికీ చెప్పలే కదా?"

"లేదు మామా."

"చెప్పకు బిడ్డా. వీళ్లింకా కడుపునిండ తింటున్నరు."

అందుచేత, ఇప్పుడు నా తలగడ పక్కనే ఉంటున్న ఆ గరిటె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: పొయ్యి ఉన్న ఏ గదిలోనూ రాజ్యాంగం మాటెత్తను, తర్వాతి పాఠం చదవకుండా ఏ రాజునూ దించను. ఈ తీర్మానాన్ని రెండు సభలూ చప్పట్లతో ఆమోదించాయి. కూర సంగతి మాత్రం ఇంకా వాయిదాలోనే ఉంది.