ఘాట్ రోడ్డు డ్రైవరూ, తెల్ల మాత్రలూ

మొన్నీమధ్య మూత్రం సరిగా రాక అవస్థ పడుతుంటే మా అమ్మాయి నన్ను తిరుపతిలో ఒక ఆస్పత్రికి తీసుకువెళ్లింది. ప్రోస్టేట్ గ్రంథి వాచిందని చెప్పి, ఒక కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది, ఇష్టమైతే చేరమన్నాడు అక్కడి కుర్ర డాక్టరు. మా అమ్మాయి ఏ మొహమాటమూ లేకుండా ఆ మందు సంగతులన్నీ అడిగి తెలుసుకుంటుంటే, ఆ పిల్ల పుట్టకముందు ఇలాంటి పరిశోధనలోనే నేను చేరిన రోజులు నా కళ్ల ముందు తిరిగాయి.

అప్పట్లో నేను తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపేవాణ్ణి. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. మా అమ్మ నా భార్యను చూపించని డాక్టరు లేడు, ఆమెచేత మొక్కించని దేవుడు లేడు. తడ దాటి అరవదేశంలో ఎవరో నాటువైద్యుడున్నాడంటే అక్కడికీ తీసుకుపోయింది. నన్ను చూపించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. చివరికి నాకు మళ్లీ పెళ్లి చేసే మాటలు ఇంట్లో మొదలయ్యాయి. అవి చెవిన పడ్డ రోజు నా భార్య ఏడవలేదు. నాకు అన్నం వడ్డించి పక్కన కూర్చుని, "నన్ను అందరూ సూసినారు, ఏమీ లేదనే సెప్పినారు. ఇంగ నువ్వొకసారి వచ్చి సూపించుకుంటే ఏదో ఒకటి తెలిసిపోతాది గదా" అంది.

వెళ్లాను. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయన్నాడు తిరుపతి ఆస్పత్రిలోని పెద్ద డాక్టరు. నా మోకాలి పక్కనే సెగలు కక్కే ఇంజను గురించీ, నేను కాల్చే బీడీల గురించీ అడిగి, రెంటికీ దూరంగా ఉండమన్నాడు. నాలాంటి వాళ్ల కోసం ఒక మందును పరీక్షిస్తున్నారట. కొందరికి అసలు మందు, కొందరికి అలాగే కనబడే వట్టి మాత్ర ఇస్తారు; ఎవరికేది వచ్చిందో పరిశోధన ముగిసేదాకా ఆయనకూ తెలియదు.

"నాకు వట్టి మాత్ర వస్తే ఎట్ల సార్?" అన్నాను.

"రావచ్చప్పా. అది తెలిసే చేరాల. చేరకపోయినా నీకు మామూలు వైద్యం ఆగదు" అన్నాడు. దాచకుండా చెప్పిన ఆ మాటకే నేను సంతకం చేశాను.

డిపోలో బతిమాలుకుని కొన్నాళ్లు స్టీరింగు వదిలి వేరే పని వేయించుకున్నాను, బీడీలు మానేశాను, తెల్ల మాత్రలు శ్రద్ధగా మింగాను. అమ్మ మళ్లీ పెళ్లి మాటెత్తగానే, "అమ్మా, లోపం ఆ పిల్లలో లేదు, నాలో ఉండాది. మందు తింటా ఉండాను" అని చెప్పేశాను. ఆ పూట అమ్మ కోడల్ని కూర్చోబెట్టి, ముందు ఆమెకే వడ్డించింది.

పరిశోధన ముగిసి, డాక్టరు నన్ను పిలిపించేసరికి నా భార్యకు నెల తప్పింది. కృతజ్ఞతలు చెప్పబోతే ఆయన నవ్వాడు. "నీకు వచ్చింది వట్టి మాత్రేనప్పా. అసలు మందు తిన్నోళ్లకీ పెద్ద తేడా ఏమీ కనబడలేదు." మరి నా సంగతేమిటి, బీడీలా, ఇంజను వేడా అంటే, "తెలీదు. తెలీనిదాన్ని తెలుసనకూడదు గదా" అన్నాడు. మా అమ్మ మాత్రం అదంతా ఏడుకొండలవాడి దయేనని పోయేదాకా అంటూనే ఉంది. నేనెన్నడూ కాదనలేదు.

ఆ ఆస్పత్రి వరండాలో నాకొక స్నేహితుడు దొరికాడు. చిత్తూరు వైపు రైతు. మొదట్లో ఇద్దరం తలో వైపు తిరిగి కూర్చునేవాళ్లం, ఒకనాడు ఆయనే తువ్వాలు పరిచి నాకు చోటిచ్చి, "నీదీ నా బాధేనా అబ్బా?" అన్నాడు. ఆయనకు పిల్లలు కలగలేదు. అయినా మా అమ్మాయి పుట్టిందని తెలిసి బెల్లం మూట మోసుకుని వచ్చాడు. బతికినన్నాళ్లూ మా ఇంటి మనిషిలాగే ఉన్నాడు. ఇప్పుడు పిల్లల కోసం ఆస్పత్రులకొచ్చే కుర్రవాళ్లు భార్యల పక్కన తలెత్తుకుని కూర్చుంటున్నారు, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కాకపోతే వాళ్లకు ఫోన్లున్నాయి. పక్కకు జరిగి ఇంకొకడికి చోటిచ్చి, నీ బాధేమిటని అడిగే వాళ్లెవరూ నాకు కనబడలేదు.