తొకునాగా టోపీ

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి విసిరే పిచర్ తొకునాగా జపాన్‌లో ఆడిన పదేళ్లూ, తన బంతి ఎవరికైనా తగిలితే టోపీ తీసి తలవంచేవాడు. అమెరికాలోని జార్జియాలో చిన్న టీమ్‌కి వచ్చిన కొత్తలో అలాగే వంగితే కోచ్ మండిపడ్డాడు. "ఇక్కడ సారీ చెప్పావంటే నిన్ను బతకనివ్వరు!" ఆ తర్వాత ఒకడి దవడ పగిలినా, ఇంకొకడు నెత్తురు కక్కినా, అతని చెయ్యి టోపీ దాకా వెళ్లి ఆగిపోయేది. ఇవాళ అవతలి టీమ్ పిచర్ తొకునాగా టీమ్‌లో ఒకణ్ణి బంతితో కొట్టాడు. "వాళ్ల బ్యాటర్ పక్కటెముకలు విరగ్గొట్టు," అన్నాడు కోచ్. తొకునాగా వేలు నాలుకతో తడిపి, ప్యాంటుకు తుడుచుకున్నాడు. టోపీ తీసి, బ్యాటర్ వైపు నడుం దాకా వంగాడు. మర్యాద కాబోలనుకుని అతనూ నవ్వుతూ తల ఊపాడు. బంతి తగిలి ఎముక విరిగిన చప్పుడు ప్రేక్షకుల ఆఖరి వరుస దాకా వినపడింది. తొకునాగా చెయ్యి ఈసారి టోపీ దాకా కూడా వెళ్లలేదు.